ఆదర్శ విశ్రాంత విశ్వాసి

బస్సు డ్రైవరు ఆమోసుకు ఆదివారం సెలవు దొరకడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

డిపోలో ఆదివారం వీక్లీ ఆఫ్ అడగని డ్రైవరు లేడు. ఇవ్వగలిగింది పది మందికే. మిగిలినవాళ్ళు వరసలో ఉండాలి. ఆమోసు ఆ వరసలో చేరినప్పుడు అతని జుట్టు నల్లగా ఉండేది. అప్పట్నుంచీ అతని సెలవు మంగళవారం. భార్య ఎస్తేరు అంగన్‌వాడీ టీచరు, ఆమె సెలవు ఆదివారం. మంగళవారాల్లో ఆమె మూతపెట్టి వెళ్ళిన అన్నం అతను ఒక్కడే తినేవాడు. ఆదివారాల్లో ఆమె ఒక్కతే చర్చికి వెళ్ళేది. అతను నడిపే పదిన్నర సర్వీసు వాళ్ళ ఊరు మల్లెలంక చర్చి ముందునుంచే పోతుంది. ఆ కాసేపూ ఆమోసు బండిని కొంచెం నెమ్మది చేసేవాడు. లోపల పాడుతున్న పాటలో ఒకటిన్నర చరణం చెవిన పడేది. మిగతాది ఊరి చివర దాకా తనే పాడుకునేవాడు.

యాభై నాలుగో ఏట వరసలో అతని వంతు వచ్చింది.

మొదటి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎస్తేరు పక్కన చర్చికి నడిచి వెళ్ళి, పాటలన్నీ చివరి దాకా పాడాడు. ఇంటికొచ్చి కోడికూరతో భోంచేసి, వసారాలో నులకమంచం వాల్చుకుని రెండు గంటలు నిద్రపోయాడు. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారంటే చెప్పడానికేమీ లేదు. చింతపండు గింజలు తీస్తూ, అప్పుడొక మాట ఇప్పుడొక మాట అనుకున్నారు. రెండో ఆదివారమూ అంతే.

మూడో ఆదివారం ఆరాధన ముగిసే వేళకి సంఘాలన్నిటి మీదా అజమాయిషీ చేసే డయాసిస్ ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరు చదివారు.

చదివింది సంఘ కార్యదర్శి యోనాతాను మాస్టారు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. గంట కొట్టినట్టు ఖంగుమనే గొంతు. జేబులో ఎప్పుడూ రెండు రంగుల కలాలు.

"ప్రభునందు ప్రియ సంఘములకు వందనములు. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, వారమునకొక దినము విశ్రమించు అలవాటు మన విశ్వాసులలో నానాటికి క్షీణించుచున్నట్లు మా కార్యాలయము గమనించి, మిక్కిలి చింతించి, ఈ సంవత్సరమును విశ్రాంతి సంవత్సరముగా ప్రకటించుటయైనది. విశ్రాంతి అనునది విశ్వాసుల ఇష్టాయిష్టములకు విడిచిపెట్టదగినంత చిన్న విషయము కాదు. కావున ఇకమీదట ప్రతి సంఘమును విశ్రాంతి కమిటీని ఏర్పరచుకొని ప్రణాళికాబద్ధముగాను, సామూహికముగాను, నివేదికాపూర్వకముగాను విశ్రమింపవలెను. ఇట్లు, విక్టర్ ప్రసన్నకుమార్, సంచాలకులు, విశ్రాంతి విభాగము."

మాస్టారు కాగితం మడిచి, "విశ్రాంతి తీసుకోదలచినవాళ్ళందరూ ఆరాధన అయ్యాక ఇక్కడే ఉండిపోవాలి. మీటింగుంది," అన్నారు.

పాస్టరు నతనయేలు అయ్యగారు అప్పటికే మూడు ఊళ్ళలో ఆరాధనలు నడిపించి వచ్చి ఉన్నారు. కుర్చీలో కొంచెం కిందకి జారి, "మంచిదే కదా. వాక్యం చెప్పిన సంగతేగా," అన్నారు నీరసంగా.

"ఇన్నాళ్ళూ మనం ఊరికే పడుకున్నామన్నమాట," అంది ఎస్తేరు మొగుడి చెవిలో.

ఆమోసు నవ్వాడు. నవ్వడానికి అదే ఆఖరు అవకాశమని అతనికి తెలియదు.

విశ్రాంతి కమిటీ కన్వీనరు మాస్టారే. డయాసిస్ ఆఫీసులో మూడు రోజుల విశ్రాంతి శిక్షణకు వెళ్ళొచ్చి, వచ్చాక రెండు రోజులు జ్వరంతో పడుకున్నారు. లేచి ఇంటింటికీ నాలుగో నమూనా పంచారు. శనివారం సాయంత్రానికల్లా ప్రతి కుటుంబమూ దాన్ని నింపి ఇవ్వాలి. రేపటి విశ్రాంతి ఎన్ని గంటలకు ప్రారంభమగును? విశ్రాంతి యొక్క లక్ష్యమేమి? గతవారపు విశ్రాంతితో పోల్చిన ఎంతమేరకు అభివృద్ధి సాధింపదలచితిరి? మొత్తం పదిహేడు ప్రశ్నలు. ఆమోసు అన్నిటికీ కలిపి అడ్డంగా 'నిద్ర' అని రాసిచ్చాడు. కాగితం మర్నాడే తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర కలంతో 'వివరించుము' అని ఉంది.

తర్వాతి వారం వంట మీద నిషేధం వచ్చింది. ఆదివారం ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడితే అది విశ్రాంతి ఎలా అవుతుందని విభాగం వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అందుకని ఆడవాళ్ళంతా శనివారం రెండు రోజుల వంట చేశారు. ఆదివారం ఎవరూ పొయ్యి వెలిగించకుండా గ్యాసు పొయ్యి మీటలకు తెల్ల రిబ్బను కట్టాలని తీర్మానమైంది. కట్టేందుకు ఒక ఉపసంఘం వేశారు. ఎస్తేరు చిన్నపిల్లల చేత బుద్ధిగా పనులు చేయించగల టీచరు కాబట్టి ఆ ఉపసంఘానికి ఆమెనే నాయకురాలిని చేశారు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి నలభై ఆరిళ్ళలో రిబ్బన్లు కట్టి, చివర తన పొయ్యికి కట్టుకుని, చద్ది పులిహోర రెండు కంచాల్లో పెట్టింది.

"కోడికూర?" అన్నాడు ఆమోసు.

"నిన్న వండితే ఇవాళ్టికి పాడైపోద్దండి. విశ్రాంతి తీసుకోవాలంటే పులిహోరే తినాలి. ఆయ్, నన్నెందుకలా చూస్తారు? రూలు నేను పెట్టానా?"

అప్పుడైనా పడుకుందామంటే, మధ్యాహ్నం రెండింటికి పరిశీలకులు బయల్దేరేవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి, "బ్రదర్, విశ్రాంతిగా ఉన్నారా?" అని అడిగి, అవునంటే సంతకం పెట్టించుకోవడం వాళ్ళ పని. నిద్రపోయినవాడు లేచి వచ్చి, నిద్రపోతున్నానని సంతకం పెట్టాలి. రెండు వారాలు చూసి జనం తెలివి తెచ్చుకున్నారు. భోజనాలు కాగానే మంచి బట్టలు కట్టుకుని, వీధి గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని, విశ్రాంతిగా కనబడడం కోసం నిటారుగా కూర్చుని ఎదురుచూసేవారు.

ఆమోసుకు ఆ ఓపిక లేదు. ఆరు రోజులు స్టీరింగు తిప్పిన భుజాలవి. మంచం మీద వాలితే రాయే. ఆ ఆదివారం ఇద్దరు పరిశీలకులతో పాటు మాస్టారు కూడా వచ్చారు. పిలిచారు. భుజం పట్టుకుని ఊపారు. ఒక పరిశీలకుడు చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు. సంతకం తప్పనిసరి కాబట్టి చివరికి ఇంకు ప్యాడు తెప్పించి, నిద్రలో ఉన్న మనిషి బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించుకున్నారు. మాస్టారు రిజిస్టర్లో రాశారు: 'పిలువగా పలుకలేదు. కదుపగా కదలలేదు. మిక్కిలి తృప్తికరము.'

లేచాక ఆమోసు నల్లటి బొటనవేలు చూసుకుని, "ఎలక్షన్లా ఏంటి?" అని అడిగాడు.

నెల తిరక్కుండా సంచాలకులు విక్టర్ ప్రసన్నకుమార్ గారే మల్లెలంక వచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు. చేతిలో ఫోను, చంకలో ఫైలు. ఆమోసును వేదిక ఎక్కించి దండ వేశారు.

"సోదరీ సోదరులారా! రెండు వందల పన్నెండు సంఘాల నివేదికలు పరిశీలించి చెబుతున్నాను. ఈయనది నిద్ర కాదు, సాక్ష్యం! ఈ విశ్వాసి విశ్రాంతిని ఒక ప్రామాణిక స్థాయికి తీసుకెళ్ళారు. అందుచేత విభాగం పక్షాన ఈయనకు ఆదర్శ విశ్రాంత విశ్వాసి అనే బిరుదు ప్రదానం చేయడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. ఎస్తేరుకి కూడా ఒక పూలగుత్తి ఇచ్చారు. ఇరవై మూడేళ్ళలో ఆమోసుకు ఎవరూ దండ వేయలేదు. అందుకని, అబద్ధం చెప్పకూడదు, ఆ క్షణాన అతనికి సంతోషంగానే ఉంది.

"ఇలాంటి దీపాన్ని ఒక్క సంఘానికే పరిమితం చేయరాదు," అన్నారు సంచాలకులు. "వచ్చే ఆదివారం నుంచి విశ్రాంతి యాత్ర. వారానికి మూడు సంఘాలు. ఆమోసు గారు సతీసమేతంగా వచ్చి తమ అనుభవాన్ని పంచుకుంటారు. మీరేం చేస్తుంటారు బ్రదర్?"

"బస్సు డ్రైవర్నండి."

సంచాలకులు రెండు చేతులూ పైకెత్తారు. "చూశారా దేవుని ఏర్పాటు! వ్యాను ఉంది, డ్రైవరు లేడని నిన్నట్నుంచీ ప్రార్థిస్తున్నాం!"

ఇక ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆమోసు వ్యాను తీసేవాడు. వెనక పాస్టరయ్యగారు, పాటల బృందం, కమిటీవాళ్ళు, ఎస్తేరు, ఒక మడత మంచం, దిండు. చేరిన ప్రతి చర్చిలోనూ మంచం వేదిక మీద వేసేవాళ్ళు. ఆమోసు మెడలో దండతో దాని మీద పడుకుని, నడుం ఎలా వాల్చాలో, కాళ్ళు ఎలా చాపాలో, మనసులో ఏమనుకోవాలో చూపించాలి. సంచాలకులు పక్కన మైకు పట్టుకుని వివరించేవారు. "గమనించండి, కనురెప్పలు ఎంత సహజంగా వాలుతున్నాయో!" నిజంగానే వాలేవి. సరిగ్గా ఆ వేళకి సంచాలకులు వాచీ చూసుకుని, "బ్రదర్, లేవండి. రెండో సంఘానికి ఆలస్యమవుతోంది," అని తట్టి లేపేవారు.

అలా ఆదివారానికి మూడుసార్లు నిద్ర అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. సోమవారం మొదటి సర్వీసు తెల్లవారుజాము అయిదింటికి.

"మానెయ్యండి," అంది ఎస్తేరు నాలుగో వారం.

"దేవుడి పని కదే. ఎలా మానేస్తాం?"

"దేవుడు ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడండి. అప్పుడు పక్కన ఎవరూ మైకు పట్టుకుని లేరు."

అయినా ఆదివారం వచ్చేసరికి ఆమోసు మళ్ళీ వ్యాను తీశాడు. వేసిన దండకు మనిషి ఎంత లొంగుతాడో అతనికి తెలియదు.

అయిదో వారం, సోమవారం ఎనిమిదిన్నర. కాలువగట్టు మీద బస్సు వెళ్తోంది. కాలేజీ పిల్లలు, కూలీకి వెళ్ళే ఆడవాళ్ళు, బుట్టలో బాతుపిల్లలు పెట్టుకున్న ఒక ముసలమ్మ, మొత్తం అరవై మంది. ఎండ అద్దం మీద పడుతోంది. ఆమోసు రోడ్డునే చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాననుకున్నాడు.

"ఆమోసన్నా!"

కండక్టరు నాగరత్నం కేక అది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా రోడ్డు లేదు, నీళ్ళున్నాయి. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ముందు ఎడమ చక్రం గట్టు అంచు మట్టిని తొలిచేసి, రెండు గడ్డలు కాలువలో పడేసి ఆగింది. బస్సులో అందరికంటే ముందు బాతుపిల్లలు అరిచాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆమోసు దిగి, గట్టు మీద గొంతుక్కూర్చుని, కాలువలో కరుగుతున్న మట్టిగడ్డలనే చూస్తున్నాడు. ముసలమ్మ దగ్గరికొచ్చి తిట్టబోయి, అతని మొహం చూసి, "నిద్రపోయి ఎన్నాళ్ళయింది నాయనా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నమే డిపో మేనేజరు చలపతిరావు పిలిపించారు. ముందుగా సర్వీసు ఫైలు తెచ్చిన గుమాస్తా అందులో డయాసిస్ వాళ్ళు పంపిన విశ్రాంతి నివేదికలూ, ప్రశంసాపత్రం నకలూ చూసి తికమకపడ్డాడు.

"సార్, ఇందులో ఈయన్ని విశ్రాంత విశ్వాసి అని రాశారండి. విశ్రాంత అంటే రిటైరైనట్టు కదండీ? రిటైరైన మనిషికి బండెలా ఇచ్చాం?"

"నువ్వుండవయ్యా." మేనేజరు ఆమోసు వైపు తిరిగారు. "సంజాయిషీ చెప్పండి. మద్యం సేవించారా?"

"నాకలవాటు లేదండి."

"నిన్న మీ వీక్లీ ఆఫ్. ఏం చేశారు?"

"విశ్రాంతి తీసుకున్నానండి."

"ఎంత?"

"నూట నలభై కిలోమీటర్లండి."

మేనేజరు కళ్ళజోడు తీసేశారు. "విశ్రాంతిని కిలోమీటర్లలో చెప్తారేంటయ్యా?"

ఆమోసు అంతా చెప్పాడు. రిబ్బన్లు, వేలిముద్ర, మడత మంచం, మైకు, ఏదీ దాచలేదు. మేనేజరు ఫైలు తిరగేశారు. ఆయనకూ ఒక ఇబ్బంది వచ్చింది. అయిదు ఆదివారాలు ఈ ఉద్యోగి సంపూర్ణంగా విశ్రమించాడని ముద్రలతో సహా పత్రాలున్నాయి. విశ్రమించిన ఉద్యోగి అలసిపోయాడని రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

చివరికి ఇలా రాయించారు: 'సదరు ఉద్యోగి అధిక విశ్రాంతి కారణముగా అలసటకు గురైనట్లు తెలియవచ్చినది. హెచ్చరించి విడువడమైనది.' రాయించాక గొంతు తగ్గించి అన్నారు: "ఇది కాగితానికి. ఇప్పుడు నా మాట వినండి. అరవై ప్రాణాలండీ. ఏ బండైనా, ఎవరి బండైనా, కళ్ళు మూతపడుతున్నాయనిపిస్తే పక్కకి తీసి, ఇంజనాపి, తాళం జేబులో వేసుకోండి. పక్కనెవరున్నా సరే. మళ్ళీ ఇలాంటిది నా దాకా వస్తే లైసెన్సు పోద్ది."

"ఆయ్. అలాగేనండి," అన్నాడు ఆమోసు.

ఆరో ఆదివారం వ్యాను తీయనని చెప్పడానికి పాస్టరయ్యగారి ఇంటికి వెళ్ళాడు. అయ్యగారు వసారాలో కూర్చుని కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటున్నారు. విన్నారు. "నాక్కూడా చెప్పాలనే ఉంది ఆమోసూ. కానీ ఈసారి ఆఖరి సంఘంలో మూడు వందల మందిని పోగేశారంట. ఈ ఒక్క వారం," అన్నారు. ఆయన మొహం చూశాక కాదనబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం రెండు చర్చిలయ్యాయి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మూడో ఊరికి ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లుంది. ముందు సీట్లో సంచాలకులు, వెనక పద్దెనిమిది మంది. కాలువ పక్క రోడ్డెక్కాక ఆమోసుకు నీళ్ళ మీద ఎండ తళతళ కనిపించింది. కనురెప్పలు బరువెక్కాయి. నాగరత్నం కేక మళ్ళీ చెవిలో వినిపించినట్టయింది. వ్యానును కానుగచెట్ల నీడలోకి తీసి, ఇంజను ఆపి, తాళం తీశాడు.

"ఏమైంది?" అన్నారు సంచాలకులు.

"నిద్రొస్తోందండి. పడుకుంటానండి."

"అక్కడ కదా బ్రదర్ మీరు పడుకోవలసింది! ఏర్పాట్లన్నీ అయ్యాయి."

"ఇక్కడే పడుకుంటానండి. నిజంగా."

"ఆమోసు గారూ! అక్కడ మూడు వందల మంది విశ్రాంతి కోసం ఎండలో నిలబడి ఉన్నారు! బ్యాండు మేళం కూడా ఉంది. పొద్దుటినుంచీ యోనాతాను మాస్టారు అక్కడే ఉండి స్వాగతం ఏర్పాటు చేస్తున్నారు. విభాగం ప్రతిష్ఠ ఏం కావాలి?"

ఆమోసు దిగి నిలబడ్డాడు. అతనెప్పుడూ పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"మొన్న సోమవారం అరవై మందిని కాలువలో ముంచబోయానండి. రెండు గడ్డలు పడ్డాయి. మూడోది పడితే బండే. ఆ బస్సులో చదువుకునే పిల్లలున్నారండి. నేను పడుకోవాలండి అయ్యా. ఎవరికీ చూపించడానికి కాదు."

యాత్ర ఆగిపోతుందని, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆ రోజు వసారాలో అయ్యగారే అన్నారు. ఇప్పుడాయన తలొంచుకున్నారు. ఎస్తేరు దిగి వచ్చి, మొగుడి చేతిలోంచి తాళం తీసుకుని, కొంగున ముడేసుకుంది.

"నాకు మంచం దింపిపెట్టండమ్మా," అంది పాటల బృందం వైపు చూసి. మాట మెత్తగానే ఉంది గానీ, నలభై ఆరిళ్ళ పొయ్యిలకు రిబ్బన్లు కట్టిన చెయ్యి అది. మంచం క్షణంలో దిగింది.

ఆమోసు దాని మీద వాలాడు. పడుకున్న సంగతి కూడా తెలియకుండా నిద్రపోయాడు.

తర్వాత దిగింది పాస్టరయ్యగారు. కండువా గడ్డి మీద పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకున్నారు. "మోకాళ్ళు," అన్నారు ఎవరూ అడక్కపోయినా, వెంటనే గురక పెట్టారు. పాటల బృందంలో ఆడపిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు తలపెట్టుకున్నారు. కమిటీవాళ్ళు కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, ఒకరి తర్వాత ఒకరు చెట్ల మొదళ్ళకు చేరారు.

సంచాలకులు మాత్రం ముందు సీట్లోనే కూర్చుని ఫోన్లు చేశారు. వేరే వ్యాను కోసం చేశారు, వేరే డ్రైవరు కోసం చేశారు, ఆలస్యానికి కారణం ఏమని ప్రకటించాలో కనుక్కోవడానికి చేశారు. చివరికి ఫోను ఆరిపోయింది. ఎస్తేరు ఆకులో పులిహోర పెట్టి తెచ్చింది.

"తినండయ్యా. పొద్దుట్నుంచీ ఏం తినలేదు మీరు."

ఆయన రెండు ముద్దలు తిని ఆగిపోయారు. "ఈ విభాగం ఏర్పాట్లలో పడి, ఆదివారం మా ఇంట్లో భోంచేసి పద్నాలుగు నెలలైందమ్మా. మా ఆవిడ ఆదివారాలు నాకు కంచం పెట్టడం మానేసింది. మొన్న మా అమ్మాయి అడిగింది, నాన్నా నీ ఉద్యోగమేంటి అని. విశ్రాంతి అన్నాను. పడీ పడీ నవ్వింది."

"పడుకోండయ్యా కాసేపు."

"ఈ మధ్యాహ్నాన్ని నివేదికలో ఏమని రాయాలి?"

"లేచాక చూసుకుందురు గాని."

ఆయన సీటు వెనక్కి వాల్చారు. చంకలో ఫైలు జారి కింద పడింది. తీసుకుందామని చెయ్యి చాచారు గానీ, చెయ్యి దారిలోనే ఆగిపోయింది.

అందరూ లేచేసరికి నాలుగున్నర దాటింది. గాలి చల్లబడింది. ఎవరికీ తొందరగా లేవాలనిపించలేదు. ఎవరో చిన్నగా పాట అందుకుంటే మిగిలినవాళ్ళు పడుకునే పాడారు. పాస్టరయ్యగారు కూర్చుని ప్రార్థన చేశారు: "ప్రభువా, పడుకున్నాం. లేచాం. స్తోత్రం." ఆయన పాస్టరైన పంతొమ్మిదేళ్ళలో అంత చిన్న ప్రార్థన చేయడం అదే మొదటిసారి.

ఆమోసు కాలువలో మొహం కడుక్కుని వచ్చి, ఎస్తేరు కొంగులోంచి తాళం విప్పుకున్నాడు. వ్యానును ముందుకి కాక ఇంటివైపు తిప్పాడు. సంచాలకులు కింద పడ్డ ఫైలు తీసి, తెరవకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇది ఇక్కడితో ఆగితే డయాసిస్ ఆఫీసు ఎందుకవుతుంది? రెండు వారాలకు కొత్త సర్క్యులరు వచ్చింది. సంచాలకులు ఆ మధ్యాహ్నం గురించి పైవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పి, నెలరోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళారట. పైవాళ్ళు ఆయన చెప్పింది శ్రద్ధగా విని ఇలా ఆదేశించారు: 'ప్రయోగాత్మకముగా మిక్కిలి విజయవంతమైనందున ఇకమీదట ప్రతి సంఘమును నెలకు రెండు ఆదివారములు వ్యానులో బయలుదేరి, కాలువగట్టున మూడు గంటలు తప్పనిసరిగా నిద్రించి, ఫొటోలు జతపరచి, పదకొండవ నమూనా సమర్పింపవలెను. కాలువ లేని సంఘములు తగిన జలాశయమును గుర్తింపవలెను.'

ఆ ఆదివారం ఆరాధన చివర యోనాతాను మాస్టారు ఆ కాగితం పట్టుకుని లేచారు. పాస్టరయ్యగారు ఆశీర్వాదం చెప్పడం అప్పుడే పూర్తిచేశారు.

"అయ్యగారూ, ప్రకటన ఉందండి."

"రేపు చదువుకుందాం మాస్టారూ," అన్నారు అయ్యగారు. తర్వాత సంఘం వైపు తిరిగి, "ఇంకేం లేదు. ఇళ్ళకెళ్ళండి," అన్నారు.

జనం కదల్లేదు. ఇంకేదో ఉండి ఉంటుందనుకుని కాసేపు చూశారు. తర్వాత ఆవరణలోకి వచ్చి, చేతిలో పని లేని మనుషుల్లా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఏం కూరండి ఇవాళ?" అని ఎవరో అడిగారు. దాంతో కదిలారు.

ఆమోసు ఇంట్లో పొయ్యి వెలిగింది. అతనే ఉల్లిపాయలు తరిగాడు. భోజనాలయ్యాక ఎస్తేరు వసారాలో మంచం మీద వాలి, మాట మధ్యలో నిద్రపోయింది. ఆమోసుకు నిద్ర రాలేదు. పక్కన పీట వేసుకుని, ఆమె మీద ఈగలు వాలకుండా విసనకర్ర కదుపుతూ కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతున్న భార్యను అంత సేపు చూడడం అతనికి కొత్త. ఆమె చెంప మీద ఎప్పుడొచ్చిందో తెలియని ఒక మచ్చ ఉంది.

రెండింటికి వీధి తలుపు దగ్గర అలికిడైంది. యోనాతాను మాస్టారు. చేతిలో పదకొండో నమూనా. ఆమోసు నోటిమీద వేలు పెట్టి లేచి వెళ్ళాడు.

"మాస్టారూ, ఇవాళ వద్దండి."

"రాయకపోతే ఎలాగయ్యా? ఆ రోజు మీకోసం ఆ ఊళ్ళో ఎండలో మూడు గంటలు నిలబడ్డాను. ఒక్క మాట చెప్పలేదు మీరు."

"తప్పేనండి. క్షమించండి. కానీ మీరైనా ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చొచ్చు కదండీ."

మాస్టారి గంటలాంటి గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "ఇంటికెళ్తే ఎవరున్నారు ఆమోసూ? మా ఆవిడ, మీ టీచరమ్మగారు, పోయి మూడేళ్ళయింది. మిగతా ఆరు రోజులూ ఏదోటి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నమే, ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప..." ఆయన చేతిలో కాగితం సరిచేసుకున్నారు. "ఇలా నాలుగిళ్ళు తిరిగితే తలుపు తీస్తారు. పలకరిస్తారు."

ఇన్ని వారాలుగా ఈ పెద్దమనిషి తలుపు కొట్టింది దేనికో ఆమోసుకు ఎప్పుడూ తట్టలేదు.

ఎస్తేరు ఎప్పుడు లేచిందో, గుమ్మంలో నిలబడి ఉంది. "భోంచేశారా మాస్టారూ?"

"చద్ది ఉందమ్మా."

"కాగితం అక్కడ పెట్టి చేతులు కడుక్కోండి."

మాస్టారు కోడికూరతో మారు కలుపుకుని తిన్నారు. తిన్నాక ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. కాసేపు వాళ్ళావిడ గురించి చెప్పారు. తర్వాత ఏమీ చెప్పలేదు. చెప్పాలని ఎవరూ అడగలేదు. వచ్చే ఆదివారం కూడా రమ్మని ఎస్తేరు అంటే, "నమూనా లేకుండానా?" అన్నారు. లేకుండానే అంది ఆమె.

మల్లెలంక నుంచి ఆ వారం నివేదిక వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. పాస్టరయ్యగారికి గుర్తుచేస్తూ మూడు లేఖలు వచ్చాయి. ఏడాది చివర రెండు వందల పన్నెండు సంఘాల ప్రగతిని మదింపు చేసి, మల్లెలంకను 'విశ్రాంతి విషయమున మిక్కిలి వెనుకబడిన సంఘము'గా ప్రకటించారు. ఆ మాట స్వయంగా చెప్పి మందలించడానికి ఇద్దరు అధికారులు ఒక ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చారట. వీధి వీధంతా తిరిగినా వాళ్ళ మాట వినడానికి మెలకువగా ఉన్న మనిషి ఒక్కడూ కనబడలేదు.